పాన్‌కేక్ ఫ్లై-ఇన్: చిన్న ఎయిర్‌పోర్టులో పైలట్లకి బ్రేక్‌ఫాస్ట్ పెట్టడం, మొదటి నుంచి చివరిదాకా

అమెరికాలో చిన్న విమానాలు నడిపేవాళ్ళ మధ్య ‘వంద డాలర్ల హాంబర్గర్’ అని ఒక పాత జోకు ఉంది. పక్క ఎయిర్‌పోర్టుకి ఎగిరి వెళ్ళి పది డాలర్ల బర్గర్ తినడం, రానూపోనూ తొంభై డాలర్ల పెట్రోలు కాల్చడం. ఎగరడానికి సాకు కావాలి, అంతే. ఆ సాకుని శనివారం పొద్దున్నకి మార్చి, ఊళ్ళోవాళ్ళని కూడా పిలిస్తే పాన్‌కేక్ ఫ్లై-ఇన్ అవుతుంది. వేసవిలో విస్కాన్సిన్, ఇల్లినాయ్, అయోవా లాంటి రాష్ట్రాల్లో, టవర్ లేని చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఇవి మామూలే. చాలాచోట్ల నడిపేది ఈఏఏ చాప్టర్లు. 1953లో పాల్ పోబరెజ్నీ మిల్వాకీ ప్రాంతంలో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌కి ఊరూరా ఉన్న శాఖలివి.

చాప్టర్‌లో చేరిన తెలుగు పైలట్‌కైనా, ఫ్లయింగ్ స్కూల్లో గంటలు పోగేసుకుంటున్న కుర్రాడికైనా ఏదో ఒక ఏడాది ఈ పని నెత్తిన పడుతుంది. పెళ్ళిళ్ళలో వడ్డన చూసిన అనుభవం ఇందులో సగానికి పనికొస్తుంది. రెండో సగం వేరు. తిరిగే ప్రొపెల్లర్లు, చేతిలో ప్లేటు పట్టుకుని ఆకాశం వంక చూస్తూ నడిచే జనం ఒకే స్థలంలో ఉంటారు. ఇక్కడ వంటింటికీ ర్యాంపుకీ (విమానాలు ఆగే, కదిలే స్థలం) పోటీ వస్తే ఎప్పుడూ ర్యాంపు మాటే చెల్లాలి. కింద ఇచ్చిన లెక్కలన్నీ 200 మంది తినేవాళ్ళకి, 40–50 విమానాలకి, ఉదయం 7:30 నుంచి 11 దాకా జరిగే కార్యక్రమానికి. మీ అంచనాని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

మూడు నెలల ముందు: కాగితాలు

ముందు కలవాల్సింది ఎయిర్‌పోర్టు మేనేజర్‌ని. చిన్న ఎయిర్‌పోర్టులు చాలావరకు సిటీవో కౌంటీవో. ఏ ర్యాంపు, ఏ గడ్డి మైదానం, ఏ హ్యాంగరు (విమానాల షెడ్డు) వాడుకోవచ్చో రాతపూర్వకంగా తీసుకోండి. రన్‌వే మూయాల్సిన అవసరం రాకుండా ప్లాన్ వేయండి. అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నుంచి గ్రాంట్లు తీసుకున్న ఎయిర్‌పోర్టుని విమానాలతో సంబంధం లేని పని కోసం మూయాలంటే ఎఫ్‌ఏఏ అనుమతి కావాలి, ఆ తలనొప్పి మీకొద్దు. ఏదైనా ట్యాక్సీవే (రన్‌వేకీ ర్యాంపుకీ మధ్య విమానాలు నడిచే దారి) మూయాల్సి వస్తే దానికి నోటామ్, అంటే పైలట్లకి అధికారిక ప్రకటన, ఇచ్చేది మేనేజరే.

రెండోది ఇన్సూరెన్సు. చాప్టర్‌కి ఈఏఏ ద్వారా లయబిలిటీ కవరేజీ ఉంటుంది. అయితే సిటీ పేరు కూడా చేర్చిన సర్టిఫికెట్టు అడుగుతారు, అది చేతికొచ్చేదాకా ఫ్లయర్ అచ్చు వేయించకండి.

మూడోది కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంటు తాత్కాలిక ఆహార పర్మిట్. నియమాలు కౌంటీకో రకంగా ఉంటాయి గానీ ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూసేవి మాత్రం దాదాపు అవే. చేతులు కడుక్కునే ఏర్పాటు, అంటే కుళాయి ఉన్న నీళ్ళ డబ్బా, సబ్బు, పేపర్ టవల్స్, కింద బకెట్టు. గిన్నెలు కడగడానికి మూడు తొట్లు: సబ్బునీళ్ళు, మంచినీళ్ళు, శానిటైజరు. గ్లవ్స్, గుచ్చే థర్మామీటరు. వేడి పదార్థం 135 ఫారెన్‌హీట్‌కి పైన, చల్లటిది 41కి కింద. ఎక్కువమంది తప్పేది చేతులు కడుక్కునే చోటే. హ్యాంగరు వెనక బాత్రూం ఉందిగా అంటే ఒప్పుకోరు, పొయ్యి దగ్గరే ఉండాలి.

విమానం ఎక్కించడానికి టికెట్లు అమ్మే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. చారిటీ రైడ్లకి వేరే నిబంధన ఉంది. పైలట్‌కి నిర్ణీత అనుభవం ఉండాలి, ఎఫ్‌ఏఏ స్థానిక ఆఫీసుకి కనీసం వారం ముందు తెలియజేయాలి. పిల్లల్ని ఎగరేయాలనుకుంటే 1992 నుంచి నడుస్తున్న ఈఏఏ కార్యక్రమం యంగ్ ఈగిల్స్ ఉంది. 8 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి ఉచితం, తల్లో తండ్రో సంతకం చేసిన ఫారం తప్పనిసరి. పైలట్లు ఈఏఏ శిక్షణ, నేపథ్య తనిఖీ ముందే పూర్తి చేసి ఉండాలి. దాన్ని బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపితే 9:30 తర్వాత మొదలుపెట్టండి. అంతకు ముందు ర్యాంపు మీద వచ్చే విమానాల రద్దీ ఉంటుంది.

స్థలం గీయడం

మిగతా పనులన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి ఒక సాయంత్రమంతా దీనికే పెట్టుకోండి. ఎయిర్‌పోర్టు మ్యాపు ప్రింటు తీసుకుని, టేపు పట్టుకుని నడవండి.

సెస్నా 172 రెక్కల కొస నుంచి కొసకి 36 అడుగులు, పొడవు 27. పక్క విమానానికి పది అడుగులు వదిలితే ఒక్కోదానికి 46 అడుగుల వెడల్పు. 600 అడుగుల గడ్డి వరసలో 13 పడతాయి. రెండు వరసలు ఎదురెదురుగా, ముక్కులు దారి వైపు పెట్టి, మధ్యలో సుమారు 80 అడుగుల ట్యాక్సీ దారి వదలండి. విమానాల పొడవు, వెనక ఖాళీ కలుపుకుంటే మొత్తం 150 అడుగుల పైచిలుకు లోతులో 26 విమానాలు. 50 రావచ్చంటే ఇలాంటివి రెండు కావాలి. మధ్య దారిని ‘సరిపోతుందిలే’ అని 50 అడుగులకి కుదిస్తే వచ్చేటప్పుడు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే వరసలు ఖాళీగా ఉంటాయి. తెలిసేది పదిన్నరకి, అందరూ ఒకేసారి ఇంజన్లు ఆన్ చేసినప్పుడు.

గడ్డిని అంగుళం అంగుళం నడిచి చూడండి. ఉడతజాతి జంతువులు తవ్విన గుంతలు, స్ప్రింక్లర్ తలలు, విమానాల్ని కట్టేసే పాత టై-డౌన్ కొక్కేలు గడ్డిలో కనపడవు. ప్రొపెల్లర్ కొసకీ నేలకీ మధ్య అడుగు కూడా లేని విమానాలు చాలా ఉంటాయి. ముందు చక్రం గుంతలో పడితే ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది, ఇంజను విప్పి చూసేదాకా వ్యవహారం వెళ్తుంది. చక్రాల మీద ఫైబర్ తొడుగులున్న ఆర్‌వీ రకం చిన్న విమానాల్లాంటివాటిని తారు మీద పెట్టండి. కబ్, చాంప్ లాంటి వెనక చక్రం విమానాలకి గడ్డే ఇష్టం. ముందు రోజు వాన పడితే బొటనవేలితో నేలని నొక్కి చూడండి, గోరు దాకా దిగితే ఆ భాగం వదిలేయండి.

తినే చోటు, పొయ్యిలు, కార్ల పార్కింగు మూడూ ర్యాంపుకి ఒకే వైపున ఉండాలి. కారులో వచ్చినవాళ్ళు ట్యాక్సీ దారి దాటి తిండి దగ్గరికి రావాల్సిన పరిస్థితి ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. ర్యాంపుకీ టేబుళ్ళకీ మధ్య నారింజ రంగు ప్లాస్టిక్ కంచె, మంచు కోసం వాడేదే, నడుము ఎత్తున కట్టండి. ఒక్క తాడు కడితే నాలుగేళ్ళ పిల్లాడు దాని కిందనుంచి దూరతాడు. కంచెలో ఒకే గేటు, అక్కడ ఒక మనిషి. విమానాలు చూడాలనుకునే కుటుంబాలని ఇంజన్లు ఆగి ఉన్న వరస దగ్గరికి ఆ మనిషే పంపాలి. పిల్లల చెయ్యి పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి, కుక్కలు గేటు దాటకూడదు.

ఇంధనం పంపు నుంచి, ఫ్యూయల్ ట్రక్కు ఆగే చోటు నుంచి పొయ్యిలు కనీసం 50 అడుగులు, వీలైతే ఇంకా దూరం. ఇక చాలామందికి తట్టని విషయం ఒకటి: విమానం మలుపు తిరిగేటప్పుడు దాని తోక ఎటు చూస్తుంది? మలుపు దగ్గర పవర్ పెంచగానే వెనక్కి కొట్టే గాలి పేపర్ ప్లేట్లని ఎగరగొడుతుంది, టెంటుని లేపుతుంది, పెనం కింద మంటని ఆర్పుతుంది. మంట ఆరినా గ్యాసు వస్తూనే ఉంటుంది. అందుకే మలుపులన్నీ తోక ఖాళీ పొలం వైపు ఉండేలా గీయండి, పొయ్యిల దగ్గర ఉన్నవాళ్ళకి ‘గాలి కొడితే ముందు మంట చూడు’ అని చెప్పి ఉంచండి.

ఫ్లయర్, రేడియో

పైలట్‌కి కావాల్సినవి ఫ్లయర్ మీద ఒక మూలన చిన్న డబ్బాలో ఉండాలి: ఎయిర్‌పోర్టు కోడు, రన్‌వే నంబర్లు, పొడవు, తారా గడ్డా, ఎత్తు, సీటీఏఎఫ్ (టవర్ లేని చోట పైలట్లందరూ మాట్లాడుకునే ఉమ్మడి రేడియో చానల్) ఫ్రీక్వెన్సీ, దిగేముందు రన్‌వే పక్కన తిరిగే చుట్టు కుడి ప్యాటర్నా ఎడమ ప్యాటర్నా, ఇంధనం ఉందా లేదా, పార్కింగు గడ్డి మీదైతే ఆ సంగతి, టై-డౌన్ తాళ్ళు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలా. పాన్‌కేక్ బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఫ్రీక్వెన్సీ తప్పు అచ్చయితే నలుగురు వేరే చానల్లో మాట్లాడుకుంటూ మీ ప్యాటర్న్‌లోకి వస్తారు. తాజా చార్ట్ సప్లిమెంట్ (ఎఫ్‌ఏఏ ఇచ్చే ఎయిర్‌పోర్టు వివరాల పుస్తకం) తెరిచి ఒక్కో అంకె సరిచూసుకోండి.

ఆ రోజు రేడియో దగ్గర కూర్చునే మనిషి చెప్పదగ్గది సలహా మాత్రమే. ‘గాలి 240 నుంచి 6 నాట్లు, అందరూ రన్‌వే 27 వాడుతున్నారు, పార్కింగు దక్షిణం గడ్డి మీద’ అంటే చాలు. ‘క్లియర్డ్ టు ల్యాండ్’ అనే మాట నోటి నుంచి రాకూడదు. టవర్ లేని చోట ఆ అధికారం ఎవరికీ లేదు, విన్న పైలట్ మాత్రం దాన్ని నమ్మి బయటికి చూడటం తగ్గిస్తాడు. సీటీఏఎఫ్ 122.8 లాంటిదైతే చుట్టుపక్కల నాలుగు ఎయిర్‌పోర్టుల మాటలూ అందులోనే వినిపిస్తాయి, కాబట్టి ప్రతి మాటకీ మొదటా చివరా ఎయిర్‌పోర్టు పేరు పలకాలి. ర్యాంపు మనుషులు తమలో తాము మాట్లాడుకోవడానికి ఏవియేషన్ హ్యాండ్‌హెల్డ్ వాడొద్దు. నేల మీద నుంచి ఆ బ్యాండ్‌లో మాట్లాడాలంటే లైసెన్సు కావాలి, పైగా ల్యాండింగు పిలుపుల్ని కప్పేస్తారు. బజార్లో దొరికే ఎఫ్‌ఆర్‌ఎస్ వాకీటాకీలు చాలు.

సరుకుల లెక్క

తలకి సగటున మూడు పాన్‌కేకులు. పిల్లలు రెండు తింటారు, పొలం నుంచి వచ్చిన పెద్దాయన అయిదు లాగిస్తాడు. 200 మందికి 600. ఒక్కోదానికి పావు కప్పు పిండి, గ్యాలనుకి 64 పాన్‌కేకులు, కాబట్టి తొమ్మిదిన్నర గ్యాలన్ల పిండి. ‘ఎన్నైనా తినొచ్చు’ అని ఫ్లయర్ మీద వేస్తే ఇంకో పాతిక శాతం కలపండి.

- నీళ్ళు మాత్రమే కలిపే రకం పొడి: 5 పౌండ్ల సంచికి సుమారు 80–100 వస్తాయి. 7 సంచులు, విప్పకుండా ఇంకో 2. విప్పనివి వాపసు ఇవ్వొచ్చు.
- సాసేజీ: తలకి రెండు. పౌండుకి 16 వచ్చే సైజైతే 25 పౌండ్లు. ముందే వండినవి కొంటే పని సగమవుతుంది.
- సిరప్: తలకి 2 ఔన్సులు, మొత్తం 3 గ్యాలన్ల పైచిలుకు. 4 కొనండి.
- వెన్న: విడివిడి పొట్లాలు 400.
- ఆరెంజ్ జ్యూసు: ముగ్గురిలో ఇద్దరు తాగుతారనుకుని 6 గ్యాలన్లు.
- ప్లేట్లు 250, ఫోర్కులు 250, న్యాప్‌కిన్లు 600. ప్లేట్లు బరువైనవి తీసుకోండి. పల్చటివి సిరప్‌కి వంగుతాయి, గాలికి ఎగురుతాయి.

కాఫీ దగ్గర అందరూ ఒకేలా మోసపోతారు. ‘100 కప్పులు’ అని రాసిన అర్న్‌లో (కరెంటు మీద కాఫీ కాచే పెద్ద పాత్ర) కప్పు అంటే 5 ఔన్సులు. మీరు ఇచ్చే పేపర్ కప్పు 8 ఔన్సులు, కాబట్టి నిజానికి 60 కప్పులే. 200 మందిలో 120 మంది కాఫీ తాగి, సగటున కప్పున్నర తీసుకుంటే 180 కప్పులు, అంటే మూడు అర్న్‌లు. ఒక్కోదానికి ఒకటింపావు పౌండు పొడి. చల్లనీళ్ళ నుంచి తయారవడానికి గంట పడుతుంది, ఖాళీ అయ్యాక మళ్ళీ పెడదామంటే ఆ గంటసేపు చలికి వణుకుతున్న పైలట్లు మీ వంక చూస్తూ నిలబడతారు.

మన కుటుంబాలు వచ్చే ఊరైతే ఇంకో లెక్క ఉంది. దొరికే సాసేజీ సాధారణంగా పంది మాంసం, అదే పెనం మీద, అదే అట్లకాడతో పాన్‌కేకు తీస్తే చాలామంది ముట్టరు. ఒక పెనాన్ని శాకాహారానికే కేటాయించి, దాని అట్లకాడ పిడికి ఆకుపచ్చ టేపు చుట్టండి. ‘శాకాహారం’ అన్న బోర్డు పెట్టేముందు పొడి సంచి వెనక చదవండి. నీళ్ళు మాత్రమే కలిపే పొడుల్లో చాలావాటిలో గుడ్డు పొడి ఉంటుంది. గుడ్డు లేకుండా విడిగా కలపాలంటే: 2 కప్పుల మైదా, 4 టీస్పూన్ల బేకింగ్ పౌడరు, 2 టేబుల్‌స్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండు కప్పులకి కాస్త తక్కువ పాలు, అందులో ఒక స్పూను నిమ్మరసం, 4 టేబుల్‌స్పూన్ల కరిగించిన వెన్న. పన్నెండు దాకా వస్తాయి.

కరెంటు, గ్యాసు

పెద్ద కాఫీ అర్న్ 1500 వాట్లు లాగుతుంది, అంటే 120 వోల్టుల మీద 12.5 ఆంప్స్. హ్యాంగరులో ఒక సర్క్యూట్ 15 ఆంప్సో 20 ఆంప్సో. రెండు అర్న్‌లు ఒకే సర్క్యూట్ మీద పెడితే బ్రేకరు పడిపోతుంది. చిక్కేమిటంటే అది చప్పుడు లేకుండా పడుతుంది, ఆరు గంటలకి పెట్టిన కాఫీ ఏడుకి గోరువెచ్చగా ఉందని తెలిశాక గానీ ఎవరూ చూడరు. ముందు రోజు సాయంత్రం ఏ ప్లగ్గు ఏ బ్రేకరుదో ఒక్కోటీ ఆపి చూసి, ప్లగ్గు మీద టేపు అంటించి నంబరు రాయండి. ఎక్స్‌టెన్షన్ వైరు 12 గేజిదే వాడండి, చుట్టగా ఉన్నదాన్ని పూర్తిగా విప్పండి.

36 అంగుళాల నాలుగు బర్నర్ల పెనం గంటకి 60,000 బీటీయూ కాలుస్తుంది. 20 పౌండ్ల సిలిండరులో సుమారు 4,30,000 ఉంటాయి, అన్ని బర్నర్లూ పూర్తిగా తెరిచినా ఏడు గంటలు వస్తుంది. లెక్క ప్రకారం ఒక్కోదానికి ఒకటి చాలు. కానీ వాలంటీర్లు ఇంటి నుంచి తెచ్చేవి సగం వాడినవే అయ్యుంటాయి, అందుకని రెండు నిండు సిలిండర్లు విడిగా ఉంచండి. చలి పొద్దున సిలిండరు చుట్టూ మంచు పట్టి మంట తగ్గితే గ్యాసు అయిపోయిందని కాదు, లోపల ఒత్తిడి పడిపోయింది. మార్చేస్తే మొదటిది కాసేపటికి తేరుకుంటుంది. ప్రతి రెండు పెనాలకి ఒక ఏబీసీ ఎక్స్‌టింగ్విషరు, పొయ్యికి ఆనుకుని కాదు, నాలుగడుగుల దూరంలో. మంట లేచినప్పుడు చెయ్యి అందాలి కదా.

పిండి, పెనం

దోసె వేసిన చేతికి పాన్‌కేకు తేలికే గానీ కొన్ని అలవాట్లు మానుకోవాలి.

మొదటిది, గిలక్కొట్టడం. దోసె పిండిని ఎంత గిలక్కొట్టినా నష్టం లేదు. ఇది మైదా, ఎక్కువ కలిపితే జిగురు సాగి పాన్‌కేకు రబ్బరు చెప్పులా వస్తుంది. బకెట్టులో ముందు నీళ్ళు పోసి, పైన పొడి వెయ్యండి. పొడి మీద నీళ్ళు పోస్తే అడుగున పొడి ముద్ద మిగులుతుంది. పెద్ద విస్క్‌తో ముప్ఫై నలభై తిప్పులు, శనగ గింజంత ఉండలు కనబడుతుండగానే ఆపేయండి. డ్రిల్లు మిషనుకి పెయింటు కలిపే కాడ తగిలించి తిప్పుదామని ప్రతి చాప్టర్‌లోనూ ఒక ఇంజనీరు ఉత్సాహపడతాడు. ఆయనకి వేరే పని అప్పగించండి. అయిదు నిమిషాలు ఆగనిస్తే ఉండలు వాటంతట అవే కరుగుతాయి. ఒకసారికి 2 గ్యాలన్లు, అంటే 128 పాన్‌కేకులు, అంతకంటే ఎక్కువ కలపొద్దు. అరగంట దాటిన పిండిలో పొంగే గుణం తగ్గుతుంది, అట్లు పల్చబడతాయి. అప్పుడు కొత్త పొడి కలపడం కంటే పారబోయడం మేలు.

రెండోది, పెనం వేడి. 375 ఫారెన్‌హీట్. నీళ్ళ చుక్క పడితే నిలబడి ఆవిరైతే తక్కువ, గంతులేసి పరుగెత్తితే సరి. నూనె తడిపిన గుడ్డతో పల్చగా తుడవండి. ఉల్లిపాయ చెక్కతో రుద్దే అలవాటు మాత్రం ఇక్కడ పనికిరాదు, మేపుల్ సిరప్‌లో ఉల్లి వాసన ఎవరికీ నచ్చదు.

మూడోది, గరిటె తిప్పడం. పావు కప్పు పిండి ఒకే చోట పోసి వదిలేయండి, అది తనంతట తాను నాలుగంగుళాలు పరుచుకుంటుంది. పైన బుడగలు పగిలి, ఆ రంధ్రాలు మూసుకోకుండా ఉండి, అంచు మెరుపు తగ్గితే తిప్పండి. ఒక్కసారే. తిప్పాక అట్లకాడతో అదిమితే లోపలి గాలంతా పోతుంది. చూస్తే పక్కపక్కన నిలబడి వేస్తున్న నలుగురిలో ఇద్దరు అదుముతూనే ఉంటారు.

36 అంగుళాల పెనం మీద ఒక వాయికి 24 పడతాయి. పోయడం, తిప్పడం, తీయడం, తుడవడం కలిపి అయిదారు నిమిషాలు, గంటకి దాదాపు 250. జనం గంటకింత అని సమానంగా రారు. సగం మంది 8:30–9:30 మధ్యలో వస్తారు, అంటే ఆ గంటలో 300 కావాలి. అందుకని పాన్‌కేకులకి రెండు పెనాలు, సాసేజీకి మూడోది. ఒక్కటే పెడితే పావుతక్కువ తొమ్మిదికి మొదలైన క్యూ పది దాకా తగ్గదు. ముందే వేసి పేర్చి మూత పెడదామంటే ఆవిరికి తడిసి మెత్తబడతాయి. తలుపు తెరిచేసరికి నలభై సిద్ధంగా ఉంటే చాలు, ట్రేలో ఒకే పొరగా, 200 ఫారెన్‌హీట్ ఓవెన్లో.

పచ్చి సాసేజీ తెస్తే లోపల 160 ఫారెన్‌హీట్ దాటాలి. రంగు చూసి నమ్మొద్దు, థర్మామీటరు గుచ్చి చూడాలి.

వడ్డన వరసలో డబ్బుల టేబులు మొదట, ప్లేట్లు, పాన్‌కేకులు, సాసేజీ, అంతే. సిరప్, వెన్న, ఫోర్కులు తినే టేబుళ్ళ మీద ఉండాలి. కాఫీ, జ్యూసు పూర్తిగా వేరే వైపు. సిరప్‌ని వరసలో పెడితే ప్రతి మనిషీ అక్కడ పది సెకన్లు ఆగుతాడు, 200 మందికి అర గంట దాటిపోతుంది. డబ్బుల పెట్టెలో ఒకటి, అయిదు డాలర్ల నోట్లు కలిపి 200 దాకా చిల్లర, కార్డు రీడరు, ఇద్దరు మనుషులు.

ర్యాంపు మనుషులు

తొమ్మిది మంది కావాలి: రన్‌వే నుంచి వచ్చే దారిలో ఇద్దరు, వరసల్లో నలుగురు, గేటు దగ్గర ఒకరు, రేడియో ఒకరు, అందరినీ చూసేవాళ్ళు ఒకరు. వీళ్ళు పైలట్లో, చాప్టర్‌లో శిక్షణ పొందినవాళ్ళో అయ్యుండాలి. ‘ఖాళీగా ఉన్నావుగా, వెళ్ళి నిలబడు’ అని ఎవరికీ వెస్టు తొడగొద్దు. ఉదయం 6:45కి పావుగంట బ్రీఫింగు. రెండు చేతులు తల పైన అడ్డంగా పెడితే ఆగు, మెడ దగ్గర చెయ్యి అడ్డంగా కదిపితే ఇంజను ఆపు. ఈ రెండు సైగలూ అందరూ ఒకేలా చేసి చూపించాలి.

వెనక చక్రం విమానం నేల మీద ముక్కు పైకెత్తి ఉంటుంది, పైలట్‌కి ఎదురుగా ఏమీ కనపడదు, అందుకే పాములా మెలికలు తిరుగుతూ వస్తాడు. అతనికి నేరుగా ఎదురు నిలబడితే మీరు కనపడరు. అతని ఎడమ వైపు, రెక్క కొసకి బయట నిలబడి సైగ చేయండి. అర్థం కావట్లేదనిపిస్తే ఆపించి, ఇంజను ఆపించి, చేతులతో నెట్టండి. 172 అయినా ముగ్గురు చాలు.

ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేదాకా ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదు. ఆగినా దాన్ని తాకకూడదు, తోయడానికి పట్టుకోకూడదు. మాగ్నెటో (ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చేది) తీగ తెగి ఉంటే తాళం తీసేసినా ఇంజను ఒక్క తిప్పుకి అంటుకోవచ్చు. తాళం చెవి బయటికి కనపడేలా డ్యాష్‌బోర్డు మీద పెట్టమని పైలట్‌ని అడగండి, మంచి పైలట్లు అడక్కుండానే పెడతారు.

వెళ్ళేటప్పుడు ఇంకా జాగ్రత్త. తిన్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ విమానం దాకా వస్తారు, కుటుంబాలు ఫొటోలు తీస్తుంటాయి. ఇంజను స్టార్టు చేసే ముందు ర్యాంపు మనిషి చుట్టూ తిరిగి చూసి బొటనవేలు ఎత్తి చూపాలి. రన్-అప్ (ఎగిరే ముందు పవర్ పెంచి ఇంజను పరీక్షించడం) టేబుళ్ళ దగ్గర చేయనివ్వద్దు. బయల్దేరాక ఎవరైనా తక్కువ ఎత్తులో రన్‌వే మీదుగా దూసుకెళ్ళి జనం చేత ఈలలు వేయించుకోవాలనుకుంటే, ఆ పని ఇక్కడ కుదరదని ముందే ఫ్లయర్‌లో రాయండి. డ్రోన్లకీ అదే మాట.

అంబులెన్సు ఏ గేటు నుంచి రావాలి, ఆ గేటు వీధి చిరునామా ఏమిటి, తాళం కోడు ఏమిటి? 911కి ఫోను చేసే మనిషి దగ్గర ఇవి కాగితం మీద ఉండాలి. ఎయిర్‌పోర్టు పేరు చెబితే చాలదు, పొలాల మధ్య మూడు గేట్లు ఉంటాయి.

వాతావరణం

నిర్ణయం శుక్రవారం సాయంత్రం తీసుకోవాలి, మాంసం కరగబెట్టే ముందు. దగ్గర్లోని పెద్ద ఎయిర్‌పోర్టు టాఫ్ (వాతావరణ అంచనా) చూడండి. ఆకాశం తేటగా ఉండి, గాలి లేకుండా, ఉష్ణోగ్రతకీ డ్యూపాయింటుకీ (గాలిలోని తేమ నీటిబిందువులయ్యే ఉష్ణోగ్రత) తేడా రెండు మూడు డిగ్రీలకి వచ్చేస్తుంటే తెల్లవారుజామున పొగమంచు పడుతుంది. మిడ్‌వెస్ట్ ఆగస్టులో ఇది తరచూ జరిగేదే. ఎండ ఎక్కాక తొమ్మిది, పది మధ్య విడిపోతుంది. రద్దు చేయక్కర్లేదు. కారుల్లో వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు, విమానాలు ఆలస్యంగా ఒక్కసారిగా వచ్చి పడతాయి, కాబట్టి వడ్డన 11:30 దాకా సాగించండి, పిండి చిన్న వాయిలు కలపండి. ఏవాస్ (ఎయిర్‌పోర్టులో వాతావరణం చెప్పే ఆటోమేటిక్ యంత్రం) ఏమంటోందో బోర్డు మీద రాసి పెట్టండి, కానీ ఫోన్ చేసి ‘వచ్చేయొచ్చా’ అని అడిగే పైలట్‌కి ‘వచ్చెయ్, ఇక్కడ బాగానే ఉంది’ అని చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించండి, నిర్ణయం అతనిది.

ఆ రోజు గడియారం

5:00కి టెంట్లు, టేబుళ్ళు. 5:45కి మొదటి రెండు అర్న్‌లు. 6:15కి కంచె పూర్తి. 6:30కి మూడో అర్న్, పెనాలు వెలిగించడం. 6:45కి ర్యాంపు బ్రీఫింగు. 7:00కి మొదటి పిండి, సాసేజీ. మొదటి వాయి పాడవుతుంది, మొదటి దోసెలాగే, దాన్ని వాలంటీర్లు తినేయండి. 7:30కి తెరవడం. 9:00కి వాలంటీర్ల మార్పు, పెనం దగ్గర రెండు గంటలు మించి ఎవరూ నిలబడలేరు. 10:40కి చివరి పిండి.

మూసేశాక గిన్నెలు కడగడానికి ముందు ఒక పని ఉంది. పదిమంది భుజం భుజం కలిపి ర్యాంపు, ట్యాక్సీవే, మేనేజరు అనుమతితో రన్‌వే అంచు దాకా నడుస్తూ కిందపడ్డ ప్రతిదాన్నీ ఏరాలి. కాఫీ కప్పు మూతలు, వెన్న పొట్లాల రేకులు, ప్లాస్టిక్ ఫోర్కులు కంచె కింద ఇరుక్కుని కనబడతాయి. బెలూన్లు కట్టనివ్వకపోవడానికీ చెత్తడబ్బాలకి మూతలుండాలనడానికీ ఇదే కారణం. ఏరిన వాటిలో ఒక నట్టో బోల్టో, సేఫ్టీ వైరు ముక్కో దొరికితే చెత్తలో వేయకండి. ఏ వరసలో దొరికిందో రాసి మేనేజరుకివ్వండి, అది ఇంకా గాల్లో ఉన్న విమానానిదై ఉండొచ్చు.